బండి మిస్ కొడితే ముందు సీసా పట్టండి

ధాన్యం లోడుతో ఉన్న పాత ఫోర్ నాట్ సెవెన్ డీజిల్ కొట్టించిన కాసేపటికే మిస్ కొట్టడం మొదలెట్టిందనుకోండి. చుట్టూ చేరినవాళ్లలో సగంమంది "బంకోడు నీళ్లు కలిపాడు" అంటారు. మిగతా సగం "పంపు పోయింది, విప్పించెయ్" అంటారు. అన్నలూ, నా మాట వినండి. ఆ రెండూ అప్పుడే నమ్మకండి. ముందు ఒక ఖాళీ వాటర్ బాటిల్ తీసుకుని డీజిల్ ఫిల్టర్ కింద పట్టండి.

నాకీ బుద్ధి 2023 డిసెంబరులో వచ్చింది. మిచౌంగ్ తుఫాను 5వ తేదీన బాపట్ల దగ్గర తీరం దాటింది, గుర్తుండే ఉంటుంది. బండి రెండు రోజులు కళ్లం పక్కన వానలోనే నానింది. ట్యాంకులో సగం కూడా లేదు. తెరిపి ఇచ్చాక బస్తాలెత్తుకుని అవనిగడ్డ, మోపిదేవి, చల్లపల్లి మీదుగా బందరు చేరి, అక్కడొక బంకులో డీజిల్ కొట్టించా. గుడివాడ వైపు మిల్లుకి పోవాలి. పెడన దాటాక మొదలైంది. యాక్సిలేటర్ తొక్కితే ఎత్తుకోదు, తెల్ల పొగ, కుదుపులు. కవుతరం దగ్గర ఆగిపోయింది.

మెకానిక్ వచ్చి నాజిళ్లు అన్నాడు. విప్పాడు, కట్టాడు, డబ్బులు తీసుకున్నాడు. మళ్లీ అదే తంతు. ఆ రాత్రి రోడ్డు పక్కనే, టార్పాలిన్ కింద బస్తాలు, మీద తుంపర. ధాన్యంలో తేమ 17 శాతం దాటితే ఏమవుతుందో మీకు నేను చెప్పక్కర్లేదు.

తెల్లారాక అటుగా పోతున్న లారీ డ్రైవరు, పెద్దాయన, ఆగాడు. ఫిల్టర్ అడుగున ఉన్న స్క్రూ వదులు చేసి సీసాలో పట్టాడు. "పది నిమిషాలు కదపమాకు" అన్నాడు. చూస్తే సీసా అడుగున రెండు వేళ్ల మందాన నీళ్లు!

ఆ సీసా పట్టుకుని బంకు మీదికి యుద్ధానికి పోయా. అక్కడి కుర్రాడు మాట్లాడకుండా డెన్సిటీ చూసే గాజు జాడీలోకి అదే గన్నుతో డీజిల్ కొట్టాడు. చుక్క నీరు లేదు. కొలత రాడ్డుకి పేస్టు పూసి భూమిలో ట్యాంకులోకి దింపాడు. నీళ్లు తగిలితే ఆ పేస్టు రంగు మారుతుంది, మారలేదు. తర్వాత నా ట్యాంకు మూత తీసి చూపించాడు. లోపల వాషరే లేదు. నా మొహం ఎక్కడ పెట్టుకోవాలో తెలియలేదు.

డీజిల్ కంటే నీళ్లు బరువు. అడుక్కి చేరతాయి. పాత ఇనప ట్యాంకులో ఆ నీళ్లు, తుప్పు, నల్ల జిగురు అడుగున కూర్చుని ఉంటాయి. మనం కొత్త డీజిల్ వేగంగా కొట్టించగానే అంతా లేచి పైపులోకి పోతుంది. అందుకే తప్పు ఆ రోజు కొట్టించిన బంకుదే అనిపిస్తుంది. మన తీరంలో ఉక్క సంగతి తెలిసిందే. సగం ఖాళీగా ఉన్న ట్యాంకులో పగటి గాలిలోని తేమ రాత్రి చల్లబడి గోడలకి చెమటలా పడుతుంది. వాన అక్కర్లేదు, అది చాలు.

సీసాలో నీళ్లు కనబడితే శుభ్రమైన డీజిల్ వచ్చేదాకా వదిలెయ్యండి, చేతిపంపు కొట్టి ఎయిర్ తియ్యండి. తుప్పో జిగురో వస్తే ట్యాంకు కడిగించి ఫిల్టర్ మార్చాల్సిందే. బుడగలొస్తుంటే ఎక్కడో పైపో వాషరో గాలి లాగుతోంది. ఇవేవీ లేకపోతే అప్పుడు నాజిళ్ల మాట, పంపు మాట.

అలాగని బంకులన్నీ సత్యహరిశ్చంద్రులని నేననను. వరద నిలిచిన చోట భూమిలో ట్యాంకులోకి నీళ్లు దిగే వీలుంది. మనకున్న రోగం మొహమాటం. వెనక నాలుగు బళ్లుంటే నోరు పెగలదు. అడగండి, అది మన హక్కు. డెన్సిటీ చూపించమనండి. 15 డిగ్రీల లెక్కకి మార్చాక లోడు బిల్లు మీదున్న అంకెకీ దానికీ తేడా 3 దాటకూడదు. కిరసనాయిలు కలిస్తే అక్కడ దొరికే వీలుంది. అడుగున చేరిన నీళ్లు మాత్రం డెన్సిటీలో దొరకవు, దానికి పేస్టే అడగాలి. కొలత మీద అనుమానముంటే సీలున్న 5 లీటర్ల డబ్బాలో కొట్టి చూపించాలి. ట్యాంకరు దింపుతున్నప్పుడు మాత్రం ఆ బంకులో కొట్టించకండి, కాసేపు ఆగండి. బిల్లు తీసుకోండి, బిల్లు లేకుండా ఫిర్యాదు చేస్తే వినేవాడుండడు.

పెట్రోలు బళ్లవాళ్లకి ఒక మాట. ఇప్పుడొచ్చే ఇ20లో 20 శాతం ఇథనాల్. అది నీళ్లని తనలోకి లాక్కుంటుంది, మరీ ఎక్కువైతే నీళ్లతో కలిసి అడుక్కి దిగుతుంది. నెలల తరబడి మూలన పెట్టిన పాత బండిని తీసేటప్పుడు అది చూసుకోండి.

నా సంగతికొస్తే, ఆ లోడు మిల్లులో తేమ కోతకి పోయింది. మూత వాషరు ఖరీదు నాజిళ్లు విప్పిన కూలీలో పదో వంతు కూడా లేదు. ఈ సార్వా కోతలకి ముందే ఫిల్టర్ మార్చా. రాత్రి బండి పెట్టేముందు ట్యాంకు నింపుతున్నా. డ్యాష్‌బోర్డు మీద ఖాళీ సీసా ఒకటి ఎప్పుడూ ఉంటుంది, మా అబ్బాయి అందులో నీళ్లు పోసుకుని తాగబోతే రెండుసార్లు లాక్కున్నా.