అనుమతికొఱకు కట్టిన శుద్ధియంత్రములు

హోటళ్లు, ఆసుపత్రులు, అంగడిసముదాయములు, కార్యాలయభవనములు నగరములలో నానాటికి పైపైకి లేచుచున్నవి. వానితోపాటు వానినుండి వెడలు మురుగును పెరుగుచున్నది. 2006వ సంవత్సరపు పర్యావరణ ప్రకటన ననుసరించి 20,000 చదరపు మీటర్లు మొదలుకొని అంతకు పెద్దవగు కట్టడములు ముందుగా అనుమతి పొందవలెను. ఆ అనుమతిపత్రములో మురుగునీటి శుద్ధియంత్రము సామాన్యముగా నొక షరతు. కావున యంత్రము కట్టబడుచున్నది. అది నడచుచున్నదా యనునదియే మా ప్రశ్న.

దీనిని యంత్రమనుటకంటె పశువులశాల యనుట యుక్తము. తొట్టిలోని మురుగును తిని నీటిని తేర్చునవి కంటికి కానరాని సూక్ష్మజీవులు. వానికి మేత కొఱతలేదు, కావలసినది ప్రాణవాయువు. అందులకై అడుగునుండి గాలిని బుడగలుగా నెక్కించుచుండవలెను. 1914లో మాంచెస్టరు నగరమున ఆర్డెర్ను, లాకెట్టు అను రసాయనజ్ఞులు ఇట్లు గాలి ఊదిన పిమ్మట క్రిందికి దిగిన మడ్డిని పాఱవేయక, క్రొత్త మురుగులో మరల కలిపిచూచిరి. మొదట వారములు పట్టిన శుద్ధి క్రమముగా ఒక్క దినములోపల ముగియసాగెను. మనము అసహ్యించుకొను ఆ మడ్డియే జీవసమూహము! వారికి మార్గదర్శియైన ఫౌలరు పండితుడు 1916లో బెంగుళూరి విజ్ఞానశాస్త్రసంస్థకు ఆచార్యుడై వచ్చెను. ఈ విద్య మనకు క్రొత్తదని తప్పించుకొనుటకు వీలులేదు.

ఇట్టి యంత్రము వాడు విద్యుత్తులో అధికభాగము గాలి ఊదుటకే వ్యయమగును. ఖర్చు తగ్గింపదలచిన యజమాని మొదట ఆపునది ఆ మోటారునే. కొన్ని గంటలలో తొట్టి కుళ్లి కంపుకొట్టును. మరల మీట నొక్కినంతమాత్రమున చచ్చిన జీవులు లేచిరావు. అవి తిరిగి వృద్ధిపొందుటకు దినములు, ఒక్కొక్కప్పుడు వారములు పట్టును. వంటయింటి నూనెజిడ్డును వేరుచేయక వదలినను, ఫినాయిలును మితిమీరి గ్రుమ్మరించినను ఇదే గతి. కుళ్లిన తొట్టిలో విషవాయువు చేరును. దానిని కడుగుటకు దిగువాడు ఆ మేడకు యజమాని కాడు. రక్షణసాధనములు లేక మురుగుకాల్వలలో, మురుగుతొట్లలో మనుష్యుని దింపుట నేరమని 2013 నాటి శాసనము చెప్పుచున్నను, చావులు ఆగలేదు.

మా పాఠకులలో మేడలు గలవారు నున్నారు, నదిదిగువ పొలములు గలవారు నున్నారు. భాగ్యనగరపు మురుగు మూసీలో కలియును. మూసీ నీరు దిగువ కత్వలవెంట వరిమళ్లకు పాఱును. మేడలో మిగిల్చిన విద్యుత్తురుసుము, ఆ మళ్లలో మోకాటిలోతున నిలిచి నాటువేయు ఆడుకూలీల చర్మముపై దురదయై తేలుచున్నది. రుసుము మిగిలినది ఒకరికి, వైద్యునికి చెల్లించువారు వేఱొకరు.

తనిఖీయధికారి వచ్చు దినమున సీసాలో పట్టియిచ్చు నీటిని మేము నమ్మజాలము. గాలి ఊదు మోటారునకు ప్రత్యేకముగా నొక విద్యున్మాపకము నమర్చి, నెలనెల అది చూపిన లెక్కను భవనపు ముఖద్వారమున వ్రాసియుంచవలెనని శాసింపుడు. ఆ అంకెలను చదువుటకు రసాయనశాస్త్రము రానక్కఱలేదు. లోపలికి పోవు ప్రతివాడును చదువగలడు.