ముందు పైపు చూడండి, తర్వాత ఇల్జామ్ వేయండి

కువైట్ నుంచి మా భాంజా ఫోన్ చేశాడంటే మామూలుగా రెండే సంగతులు. డబ్బు పంపించాననో, అమ్మీకి బీపీ మాత్రలు తెచ్చిపెట్టమనో. ఆ రాత్రి మాత్రం సలాం చెప్పి కాసేపు మాట్లాడలేదు. తర్వాత "మామూ, కారు నావల్లే పాడైందంటున్నారు. మూడు నెలలు జీతంలో కోత పెడతారట" అన్నాడు.

నేనిచ్చిన సలహా రాయాలంటే సిగ్గుగా ఉంది. అయినా రాస్తాను. "మాఫీ అడుగు బేటా. అకామా వాళ్ల చేతుల్లో ఉంది, తగ్గి ఉండు" అన్నాను. ఇరవై ఏళ్లుగా పేపర్లో పనిచేస్తున్నాను. ఎవరి మీదైనా ఇల్జామ్ రాయాలంటే సబూత్ ఏదని విలేకరులను సతాయిస్తాను. సొంత ఇంటి పిల్లాడి విషయంలో ఒక్క సవాల్ కూడా అడగకుండా ఫైసలా చెప్పేశాను.

వాడు షువైఖ్‌లో ఒక గ్యారేజీలో పని చేస్తాడు. రాయచోటి వైపు వాళ్లకి షువైఖ్ పేరు కొత్త కాదు. వరసగా గ్యారేజీలు, విడిభాగాల దుకాణాలు, వాటి మధ్య మనవాళ్లు, మలయాళీలు, పాకిస్తానీలు, మిస్రీలు. గొడవ పెట్టిన కారు కంపెనీలో తయారై వచ్చింది కాదు. ఒక కువైటీ కుర్రాడు తన ఇంటి షెడ్డులో సొంతంగా కట్టుకున్నది. అమెరికన్ వీ-8 ఇంజన్, ఒక్కో పక్క నాలుగు సిలిండర్లకి ఒక్కో టర్బో, మొత్తం రెండు. అంత జోరు మనిషికి ఎందుకంటే నా దగ్గర జవాబు లేదు. నేను స్కూటర్ మనిషిని.

ఆ కారు జబ్బేమిటో చెప్పాలంటే టర్బో సంగతి నాలుగు మాటల్లో చెప్పుకోవాలి. ఇంజన్ నుంచి వేడిగా, వేగంగా బయటికి పోయే ఎగ్జాస్ట్ గ్యాస్ ఒక చక్రాన్ని తిప్పుతుంది. అదే ఇరుసుకి అవతల ఉన్న ఇంకో చక్రం బయటి గాలిని నొక్కి ఇంజన్‌లోకి తోస్తుంది. గాలి ఎక్కువైతే ఇంధనం ఎక్కువ మండించవచ్చు, తాఖత్ పెరుగుతుంది. స్విట్జర్లాండ్ ఇంజనీర్ ఆల్ఫ్రెడ్ బూషీ 1905లోనే దీనికి పేటెంట్ తీసుకున్నాడు. ఇలా తోసిన గాలి అదనపు ఒత్తిడినే బూస్ట్ అంటారు.

దీనికి పగ్గం వేయకపోతే ఎంత గ్యాస్ వస్తే చక్రం అంత తిరుగుతుంది, ఎంత తిరిగితే అంత గాలి తోస్తుంది, దాంతో ఇంకా ఎక్కువ గ్యాస్ వస్తుంది. అందుకే వేస్ట్‌గేట్ అనే చిన్న తలుపు పెడతారు. లోపల ఒక స్ప్రింగ్, ఒక రబ్బరు డయాఫ్రమ్. టర్బో తోసిన గాలిలోంచే సన్న పైపు ఒకటి ఆ డయాఫ్రమ్ దగ్గరికి వస్తుంది. ఒత్తిడి స్ప్రింగ్‌ని జయించగానే తలుపు తెరుచుకుని, గ్యాస్ కొంత చక్రాన్ని తాకకుండా దొడ్డిదారిన పోతుంది. ఇదంతా కంప్యూటర్ లేకుండానే జరుగుతుంది. ఎలక్ట్రానిక్ కంట్రోలర్ తన సోలినాయిడ్‌తో చేసేదల్లా ఆ సన్న పైపులో గాలిని ఆపి, తలుపు కాస్త ఆలస్యంగా తెరుచుకునేలా చేయడమే. అంటే కంట్రోలర్ బూస్ట్‌ని పెంచగలదు, స్ప్రింగ్ నిర్ణయించిన దానికన్నా దించలేదు.

ఈ ఒక్క ముక్క తెలియకపోవడం వల్ల ఎంత డబ్బు పోయిందో చూడండి. ఆ కారులో స్ప్రింగులు 7 పీఎస్‌ఐవి. కంట్రోలర్‌లో 10 పెట్టారు. కానీ గేజ్ ముల్లు 10 దగ్గర ఆగకుండా, ఇంజన్ వేగం పెరిగేకొద్దీ 16 దాకా పోతోంది. అక్కడ ఇంజన్ కంప్యూటర్ భయపడి ఇంధనం కోసేస్తే కారు ఎగిరి దూకినట్టు కుదుపుతోంది. కారు సాహెబ్ కంట్రోలర్‌లో అంకె 5కి దించాడు. తేడా లేదు. కంట్రోలర్ పాడైందని ఇంకోటి కొన్నాడు. తేడా లేదు. సోలినాయిడ్ మార్చాడు. తేడా లేదు. అన్నీ మార్చాక మార్చడానికి మనిషే మిగిలాడు: వైరింగ్ చేసిన రాయచోటి పిల్లాడు.

ఇది చిన్న తమాషా కూడా కాదు. లెక్కకు మించిన గాలి లోపలికి పోయి, తగినంత ఇంధనం లేకపోతే మంట వేళగాని వేళ పుడుతుంది. దాన్నే నాకింగ్ అంటారు. కొన్ని క్షణాలు గట్టిగా నాక్ అయితే పిస్టన్ అంచులు విరిగిపోతాయి. కువైట్ వేసవిలో గాలే నిప్పులా ఉంటుంది, కాబట్టి నాకింగ్‌కి అక్కడ దారి ఇంకా సులువు. ఇంజన్ పోయి ఉంటే కోత మూడు నెలలతో ఆగేది కాదు.

వాడు నా సలహా వినలేదు, అల్లా వాడిని సలామత్ ఉంచాలి. జుమా సెలవు రోజున కారు సాహెబ్‌ని ఒప్పించి, ఒక్కడే గ్యారేజీ తెరిపించుకున్నాడు. మొదట చేసిన పని, కొత్త కంట్రోలర్‌ని పూర్తిగా తప్పించడం. సోలినాయిడ్ ఊడదీసి, గాలి పైపుని నేరుగా వేస్ట్‌గేట్లకి కలిపాడు. ఇక గాలికీ స్ప్రింగుకీ మధ్య ఎవరూ లేరు. నడిపించి చూస్తే ముల్లు 7 దగ్గర ఆగాలి. ఆగలేదు, అలాగే పైకి పాకింది. వెంటనే కాలు తీసేశాడు. ఎవరి మీద ఖర్చు పెట్టారో ఆ కంట్రోలర్ బేకసూర్ అని పది నిమిషాల్లో తేలింది. తన వైరింగ్ కూడా బేకసూరే, ఎందుకంటే అప్పుడు దానికి పనే లేదు.

తర్వాత వాడు గేజ్ ఉన్న సైకిల్ పంపు తెచ్చాడు. వేల దీనార్ల కారుకి సైకిల్ పంపు ఏమిటని పక్క గ్యారేజీ వాళ్లు నవ్వారట. రెండు వేస్ట్‌గేట్లకి గాలి ఒకే చోట నుంచి వచ్చి, టీ ఆకారపు జాయింట్ దగ్గర చీలి రెండు పక్కలకి పోతుంది. ఆ జాయింట్ ముందు నుంచి పంపు కొడితే రెండు తలుపుల్లో ఏదీ కదల్లేదు. ఇక్కడే తొందరపడే మేస్త్రీ అయితే రెండూ పోయాయని చెప్పి రెండింటికీ బిల్లు రాసేవాడు. మావాడు వాటిని విడదీసి ఒక్కోదానికి విడిగా కొట్టాడు. కుడి వైపుది 7 దగ్గరికి రాగానే నిక్షేపంగా కదిలింది. ఎడమ వైపుది ఎంత కొట్టినా గేజ్ ముల్లు నిలవలేదు, గాలి బుస్సుమని పోతోంది. విప్పి చూస్తే డయాఫ్రమ్ చిరిగి ఉంది. ఎగ్జాస్ట్ పైపుకి మరీ దగ్గరగా బిగించారు, వేడికి అడ్డంగా రేకైనా లేదు. రబ్బరు మాడి పెళుసైంది.

ఎడమది చిరిగితే కుడిది ఎందుకు తెరుచుకోలేదు? ఒకే కుళాయి నీళ్లు రెండిళ్లకి పోతుంటే, ఒక ఇంట్లో పైపు పగిలిందనుకోండి, రెండో ఇంటికీ ధార తగ్గుతుంది. చిరిగిన డయాఫ్రమ్‌లోంచి ఒత్తిడి కారిపోతుంటే బాగున్న తలుపుకీ ఒత్తిడి అందలేదు. రెండు టర్బోల బండిలో ఉన్న చిక్కే ఇది. ఒకదాని జబ్బు రెండోదాని మీద కనిపిస్తుంది. ఒక్క గేజ్ ఉంటే ఎవరిది కసూరో ఎప్పటికీ చెప్పదు.

డయాఫ్రమ్ మార్చి, రేకు అడ్డం పెట్టి, రెండు వైపుల పైపులూ ఒకే పొడవుకి కోసి బిగించాడు. స్ప్రింగ్ మీద ముల్లు 7 దగ్గర నిలబడింది. సోలినాయిడ్ మళ్లీ పెడితే 10 దగ్గర నిలబడింది. ఒకవేళ తలుపులు పూర్తిగా తెరుచుకున్నా ముల్లు పాకుతూనే ఉంటే అది వేరే మర్జ్. తలుపు చిన్నదైనా అయి ఉండాలి, గ్యాస్ దారికి అడ్డంగా తప్పు కోణంలో వెల్డింగ్ చేసైనా ఉండాలి. అప్పుడు పైపులు కాదు, ఇనుమే కోయాలి. ఆ అవసరం రాలేదు.

ఇప్పుడు నా మాట. ఒక భాగం మార్చి, తగ్గకపోతే ఇంకోటి మార్చడాన్ని మనం రిపేర్ అంటున్నాం. అది రిపేర్ కాదు, జూదం. ఖర్చు యజమానిది, బద్నామీ షాగిర్ద్‌ది. ఒకసారికి ఒకటే మార్పు, ముందు చవకైనది, ముందు చేతికి అందేది, దేన్ని అనుమానిస్తున్నామో దాన్ని తప్పించి చూడటం: ఈ తర్తీబ్ ఇల్మే. బీటెక్‌లో నేర్పినా ఇల్మే, షెడ్డులో నేర్చుకున్నా ఇల్మే. మన ఇళ్లలో మాత్రం చదువు అబ్బనివాడు షెడ్డుకి పోతాడని ఒక మాట ఉంది. మా ఆపా ఇప్పటికీ చుట్టుపక్కల వాళ్లకి "మావాడు కంపెనీలో ఉన్నాడు" అనే చెబుతుంది. గ్యారేజీ అనే మాట ఆమె నోటి వెంట రాదు. పిల్లాడి సంబంధాల కోసమట.

తప్పు ఇళ్లది మాత్రమే అంటే బేఇన్సాఫీ అవుతుంది. మా అబ్బా రాయచోటిలో లారీ మేస్త్రీ. మంచి హునర్ ఉన్న మనిషి. డీజిల్ పంపు టైమింగ్ పెట్టే ఘడియ వచ్చిందంటే షాగిర్దులను చాయ్ తెమ్మని పంపేవాడు. వాళ్లు గ్లాసులతో తిరిగొచ్చేసరికి పని అయిపోయేది. నేర్పితే రేపు ఎదురుగా షెడ్డు పెడతాడని ఖౌఫ్. ఆయన పోయాక ఆయన చేతిలో ఉన్నదంతా ఆయనతోనే పోయింది, ఒక్క కాగితం ముక్క లేదు. అబ్బా గురించి ఇలా రాయడం నాకు ఇష్టం లేదు. కానీ మన ఉస్తాదుల్లో సగం మంది ఇలాగే ఉన్నారు. పార్టు మార్చడం షాగిర్ద్‌కి చూపిస్తారు, ఆ పార్టే ఎందుకని చెప్పరు.

పెద్ద కంపెనీలకీ ఇది కొత్త కాదు. 1962లో అమెరికాలో ఓల్డ్స్‌మొబైల్ జెట్‌ఫైర్ అని టర్బో కారు వచ్చింది. కార్ల కంపెనీలు మామూలు జనానికి అమ్మిన తొలి టర్బో కార్లలో అదొకటి. నాకింగ్ రాకుండా నీళ్లు, మిథనాల్ కలిపిన ద్రవం ఒక సీసాలో పోయాలి. అయిపోతే మళ్లీ నింపాలి, లేకపోతే బూస్ట్ తగ్గిపోతుంది. కొన్నవాళ్లలో చాలామంది నింపనే లేదు, కారు బాగాలేదన్నారు. చివరికి కంపెనీయే టర్బో తీసేసి ఇచ్చే ఏర్పాటు చేసింది. ఎందుకో తెలియనివాడి చేతిలో మంచి యంత్రం కూడా బద్నామ్ అవుతుంది.

మనకు ట్విన్ టర్బో కార్లు లేవు కదా అని తీసిపారేయకండి. ఇంటి ముందున్న డీజిల్ కారులో ఒక టర్బో ఉండే ఉంటుంది. పికప్ తగ్గింది, నల్ల పొగ వస్తోంది అంటే షెడ్డులో వినిపించే మొదటి మాట "టర్బో పోయింది సార్". పోయి ఉండవచ్చు కూడా. కానీ వేలు ఖర్చు పెట్టే ముందు ఇంటర్‌కూలర్ పైపు పగిలిందా, క్లిప్పు వదులైందా, టర్బోకి పోయే సన్నటి వాక్యూమ్ పైపు చీలిందా చూడమని అడగండి. సబ్బు నీళ్లు, కాస్త గాలి చాలు, బుడగలు వస్తే దొరికినట్టే. అడిగితే కోప్పడే మేస్త్రీ అయితే బండి వెనక్కి తీసుకోండి. చూపించి చెప్పేవాడైతే పది రూపాయలు ఎక్కువే ఇవ్వండి. పిల్లవాడు షెడ్డులో ఉంటే నెలకెంత తెచ్చావని అడిగే ముందు ఈ వారం ఏ జబ్బు కనిపెట్టావని అడగండి.

కువైట్ హిసాబ్ చెప్పలేదు కదూ. అప్పటికే కోసిన ఒక నెల డబ్బు వెనక్కిచ్చారు, మిగతా కోత ఆపేశారు. మాఫీ మాత్రం ఎవరూ అడగలేదు. ఆ కువైటీ కుర్రాడు ఇప్పుడు వేరెవరినీ కారు ముట్టుకోనివ్వడట. సెలవుకి వచ్చినప్పుడు మావాడు ఆ చిరిగిన రబ్బరు ముక్క తెచ్చి మా ఆపాకి చూపించాడు. ఆమె దాన్ని చెత్త అనుకుని పారేయబోతే లాక్కుని జేబులో పెట్టుకున్నాడు. నేను ఎదురుగానే ఉన్నాను, చెప్పాల్సిన మాట గొంతు దాకా వచ్చి ఆగిపోయింది. బేటా, ఇది చదువుతుంటే, ఆ రోజు నువ్వు అడగాలన్న మాఫీ ఇవాళ నేను అడుగుతున్నాను.