నీరు వచ్చాకే నిధులా?

2024 సెప్టెంబరు 1న తెల్లారేసరికి బుడమేరు వాగు విజయవాడ సింగ్‌నగర్‌లోకి వచ్చేసింది. పాయకాపురం, రాజరాజేశ్వరిపేట వీధుల్లో పడవలు తిరిగాయి. కొన్నిచోట్ల వారం దాటినా నీళ్లు తీయలేదు. నేల అంతస్తులో ఉన్న కుటుంబానికి రూ.25 వేలు, పై అంతస్తు వారికి రూ.10 వేలు ప్రభుత్వం ప్రకటించింది. రాష్ట్రం మొత్తమ్మీద తొలి విడత సాయమే దాదాపు రూ.600 కోట్లు. బియ్యం బస్తా నుంచి బీరువా దాకా పోగొట్టుకున్న వాళ్లకు ఆ డబ్బు ఇచ్చి తీరాల్సిందే. అయితే ముంపు వచ్చాక అంత త్వరగా కదిలిన ఖజానా, అంతకుముందు పదేళ్లు ఏం చేసింది?

రాష్ట్ర విభజన తర్వాత విజయవాడ వాననీటి కాలువల కోసం కేంద్రం రూ.461 కోట్లు కేటాయించింది. వీధులు తవ్వారు, కాంక్రీటు పోశారు, సగంలో ఆపేశారు. ఏళ్లు గడిచాయి, ప్రభుత్వాలు మారాయి, మొండికాలువలు మిగిలాయి. వీధి కాలువను పెద్ద కాలువలో కలపకపోతే అది నీళ్లు నిలిచే గుంటే అవుతుంది. బుడమేరు గట్టుకు పడిన గండ్లను ఈ కాలువలు ఆపగలిగేవని మేము అనడం లేదు. ఊళ్లోకి వచ్చిన నీరు బయటికి పోయే దారిని సగంలో వదిలేసిన వాళ్లు జవాబు చెప్పాలంటున్నాం. తప్పు ఎవరి హయాంలో జరిగిందని పార్టీలు వాదించుకుంటే సింగ్‌నగర్ వాసికి ఒరిగేదేమీ లేదు.

లోపం పునాదిలోనే ఉంది. 74వ రాజ్యాంగ సవరణ పట్టణ సంస్థలకు అప్పగించదగినవిగా 18 అంశాలు చెప్పింది. మంచినీరు ఉంది, పారిశుద్ధ్యం ఉంది, వీధి దీపాలున్నాయి, చివరికి బందెల దొడ్లూ ఉన్నాయి. వాననీటి కాలువ పేరెత్తి చెప్పలేదు. 2015 నాటి కేంద్ర పథకం అమృత్‌లో దానికి చోటు దొరికింది. 2021లో వచ్చిన రెండో అమృత్ తాగునీరు, మురుగునీరు, చెరువుల వైపు తిరిగింది. జాతీయ విపత్తు నివారణ నిధి నుంచి పట్టణ వరదల కోసం సాయం పొందే తొలి ఏడు నగరాల్లో హైదరాబాద్ ఉంది, తర్వాతి జాబితాలో విశాఖపట్నం ఉంది. బుడమేరు ముంచిన విజయవాడ రెండింటిలోనూ లేదు.

హైదరాబాద్‌దీ ఇదే వరస. 2020 అక్టోబరులో కాలనీలు మునిగాకే, 2021లో దాదాపు రూ.985 కోట్లతో నాలాల అభివృద్ధి కార్యక్రమం మొదలైంది. అదే నగరంలో 1908 మూసీ వరద తర్వాత మోక్షగుండం విశ్వేశ్వరయ్య సూచించిన జలాశయాల్లో ఉస్మాన్‌సాగర్ 1920లో, హిమాయత్‌సాగర్ 1927లో పూర్తయ్యాయి. వరద తీసిన పుష్కరం తర్వాత కూడా ఆ పనికి డబ్బు ఆగలేదు. ఈనాటి మన కార్పొరేషన్లకు మరుసటి వేసవిలో పూడిక తీయడానికే ప్రతిసారీ కొత్తగా నిధులు వెతుక్కోవాల్సి వస్తోంది.

డబ్బు ఎక్కడి నుంచి రావాలో చట్టంలోనే సూచన ఉంది. 1965 నాటి ఆంధ్రప్రదేశ్ మున్సిపాలిటీల చట్టం ఆస్తి పన్నులో నీరు, డ్రైనేజీ పన్నును ఒక భాగంగా చెప్పింది. అయితే ఆస్తి పన్నుకు కొలత ఇంటి విలువో, అద్దో. ఆ స్థలం నుంచి ఎంత వాన వీధిలోకి పారుతుందన్నది ఎవరూ లెక్కించరు. ఎకరాల కొద్దీ సిమెంటు పరిచిన వాణిజ్య సముదాయం తన నీటినంతా పల్లపు బస్తీ మీదికి వదులుతుంది, అందుకంటూ విడిగా ఒక్క రూపాయి కట్టదు. ఆ నీటి ఖర్చు బస్తీలోని రోజుకూలీ కుటుంబం మంచాలూ, మిక్సీలూ, పిల్లల పుస్తకాలూ పోగొట్టుకుని భరిస్తోంది. ఇది అన్యాయం. జర్మనీ నగరాలు వాననీటి రుసుమును మురుగునీటి రుసుము నుంచి విడదీసి, నీరు ఇంకని నేల ఎంత ఉంటే అంత వసూలు చేస్తున్నాయి. ఇంకుడు గుంత తవ్వుకున్న వాళ్లకు తగ్గింపు ఇస్తూ, చిన్న ఇళ్లను మినహాయిస్తూ మన దగ్గరా ఆ పద్ధతి పెట్టొచ్చు.

డబ్బుకు మరో దారీ ఉంది. తెలంగాణలో అనుమతి లేని లేఅవుట్లను క్రమబద్ధీకరించే 2020 నాటి పథకం ఎల్‌ఆర్‌ఎస్‌కు 25 లక్షలకు పైగా దరఖాస్తులు వచ్చాయి. కాలువ లేకుండా వేసిన వెంచర్‌లో ప్లాటు కొన్నవాడు క్రమబద్ధీకరణకు కట్టే ప్రతి రూపాయీ ముందు ఆ కాలనీ కాలువకే చెందాలి.

రుసుము వేసి, దాన్ని జీతాలకూ పాత బిల్లులకూ మళ్లిస్తే జనం రెండోసారి నమ్మరు. అందుకే వాననీటి డబ్బుకు వేరే ఖాతా ఉండాలి, మళ్లించిన అధికారిపై చర్య ఉండాలి. ఏ వార్డులో ఎన్ని మీటర్ల కాలువ పూర్తయిందో, ఎక్కడ ఆగిందో, ఎందుకు ఆగిందో ఏటా జూన్ ఒకటిలోగా వార్డు సచివాలయం గోడమీద అతికించాలి. ఆ తొలి కాగితం సింగ్‌నగర్‌లో అతికించాలి.