పాత లారీకి స్టీరింగు బాక్సు

పత్తి తీతలు మొదలైనది మొదలు ఆదోని మార్కెట్టు యార్డు దారి పట్టే బండ్లకు లెక్క ఉండదు. ఎమ్మిగనూరు, కోసిగి, కౌతాళం వైపు గ్రామముల నుండి వచ్చు లోడులలో కొన్ని పాత లారీల మీదనే వచ్చును. పత్తికి బరువు తక్కువ, ఎత్తు ఎక్కువ. ఎత్తు లోడు గాలికి, గతుకుకు ఊగును. అట్టి బండిని దారిలో ఉంచునది స్టీరింగే. ఇంజను ఆగిన లారీ రోడ్డు ప్రక్కన నిలుచును. స్టీరింగు తప్పిన లారీ ఎక్కడ నిలుచునో ఎవరును చెప్పలేరు. కనుక పాత లారీకి ఏ సామానులో చౌక చూచినను స్టీరింగు బాక్సులో చూడరాదు.

ముందుగా తప్పు ఎచ్చట ఉన్నదో తెలిసికొనవలెను. ముందు చక్రములు తిన్నగా నిలిపి, స్టీరింగు చక్రమును మెల్లగా ఇటు అటు త్రిప్పుడు. రోడ్డు మీది చక్రములు కదలకుండ అది తిరుగు మేరయే ‘ప్లే’. 1989 నాటి కేంద్ర మోటారు వాహనముల నిబంధనలలో 98వ నిబంధన ప్రకారము ఇది 30 డిగ్రీలు దాటరాదు. గడియారములో 12 నుండి 1 వరకు గల దూరమే 30 డిగ్రీలు. 50 సెంటీమీటర్ల అడ్డుకొలత గల చక్రము అంచున ఇది సుమారు 13 సెంటీమీటర్లు.

ఒకరు స్టీరింగు త్రిప్పుచుండగా మరియొకరు క్రింద చూడవలెను. స్టీరింగు రాడ్డు తిరిగినను డ్రాప్ ఆర్మ్ కదలనిచో తప్పు బాక్సులో ఉన్నది. డ్రాప్ ఆర్మ్ కదలి చక్రములు కదలనిచో తప్పు డ్రాగ్ లింకు, టై రాడ్డు కీళ్లలోనో కింగ్ పిన్నులలోనో ఉండును. బాక్సే ఛాసిస్ మీద కదలుచున్నచో బోల్టులు వదులైనవి, లేదా ఛాసిస్ పగిలినది. ఈ పరీక్ష చేయక బాక్సు మార్చినచో డబ్బు పోవును, తప్పు పోదు.

బాక్సు మీది స్క్రూ బిగించి ‘సరిపోయినది’ అనుట చాలచోట్ల చూచు అలవాటు. లారీ ఎక్కువ దూరము తిన్నగా నడచును గనుక బాక్సు నడిమి భాగమే ముందు అరుగును. అక్కడి ప్లే పోవునంతగా బిగించినచో, అరగని అంచుల వద్ద మలుపులో స్టీరింగు పట్టివేయును. కంపెనీ చెప్పిన మేరకే సర్దవలెను. దానితో సరిపడనిచో బాక్సు విప్పి అరిగిన భాగములు మార్చవలెను, లేదా బాక్సే మార్చవలెను.

మార్చునపుడు బాక్సు బిగించు రంధ్రములు కలిసిన చాలదు. అదే మోడలుది కావలెను. బయటి షాఫ్టు పండ్లు, లోపలి నిష్పత్తి, షాఫ్టు తిరుగు దిక్కు సరిపోవలెను. దిక్కు తప్పినచో కుడికి త్రిప్పిన లారీ ఎడమకు పోవును! పవర్ స్టీరింగు బాక్సు పెట్టదలచినచో దానికి తగిన పంపు, ఆయిలు డబ్బా, గొట్టములు కూడ ఉండవలెను. పాత బాక్సు కొనువారు విప్పించి చూచి మరీ కొనవలెను. గుంటలు పడిన వర్ము, పగిలిన పెట్టె, వెల్డింగు చేసిన డ్రాప్ ఆర్మ్ ఎంత చౌకగా వచ్చినను వద్దు.

బిగించు పనిలో ముఖ్యమైనది నడిమి గుర్తు. బాక్సు షాఫ్టును ఒక కొన నుండి మరియొక కొనకు మెల్లగా త్రిప్పి చుట్లు లెక్కించి, అందులో సగము వెనుకకు త్రిప్పుడు. చక్రములను తిన్నగా ఉంచి, అప్పుడు డ్రాప్ ఆర్మ్‌ను గుర్తుకు గుర్తు కలిపి ఎక్కింపుడు. పాత ఆర్మ్‌ను పుల్లరుతో ఊడదీయవలెనే గాని సుత్తితో కొట్టరాదు, గ్యాసుతో కాల్చరాదు. బోల్టులను టార్క్ రెంచితో కంపెనీ చెప్పిన మేర బిగించి, లాక్ వాషర్లు, కాటర్ పిన్నులు తప్పక పెట్టవలెను. ముందు ఖాళీ బండిని బయలు స్థలములో నడిపి, రెండు ప్రక్కల పూర్తిగా మలుపవలెను. మొదటి లోడు దింపిన తరువాత బోల్టులు మరల చూడవలెను.

‘లారీ మాది కాదు, మాకేమి?’ అని రైతు అనుకొనరాదు. పంట మీది, లోడుతో ప్రయాణించు కూలీలు మీ ఊరివారు. బాడుగ మాట్లాడునపుడే స్టీరింగు ప్లే చూపుమని అడుగు హక్కు మీకు కలదు. 8 ఏండ్లు దాటిన లారీకి ఏటేటా ఫిట్‌నెస్ పరీక్ష ఉన్నను అది ఆ ఒక్కనాటి సంగతి. మిగిలిన దినములు చూచుకొనవలసినది మనమే. గ్రామాధికారులు సీజను ముందే ఊరి లారీల వారిని పిలిచి ఈ చిన్న పరీక్ష చేయించుట మంచిది. దీనికి పట్టునది పది నిమిషములు. కొసరుకు పోయి అసలు పోగొట్టుకొనకుండుటయే లాభము.