ఒకే ఫైలును రెండు చోట్ల చూడనివ్వండి

కంప్యూటర్ మీద రాసే పని కంటే సరిచూసే పని ఎక్కువ. పద్దుల షీటులో పైన ఉన్న కేటాయింపు చూస్తూ ఎక్కడో మూడువేలో వరుసలోని ఖర్చు సరిపోయిందో లేదో తేల్చాలి. ఒప్పంద పత్రం రెండో పేజీలో ఇచ్చిన నిర్వచనం ముప్ఫయ్యో పేజీలోని షరతుతో పొసగుతుందో లేదో చూడాలి. నవలను అచ్చుకు సిద్ధం చేసే సంపాదకుడికి మూడో అధ్యాయంలో పాత్ర వయసెంత, ఇరవయ్యో అధ్యాయంలో ఎంత అన్నది తెలియాలి. ఈ పనులన్నింటిలో ఒకే ఫైలులోని రెండు చోట్లు ఒకేసారి కంటి ముందుండాలి. అందుకే ఒక అప్లికేషన్‌లో తెరిచిన ఒకే ఫైలును తెర మీద రెండు, అవసరమైతే మూడు కిటికీల్లో చూపించే సౌకర్యం రాతకు, లెక్కకు పనికొచ్చే ప్రతి సాఫ్ట్‌వేర్‌లోనూ ఉండి తీరాలంటాను. కత్తిరించి అతికించే సౌకర్యం ఎంత మౌలికమో ఇదీ అంతే.

ఇది ఇవాళ పుట్టిన కోరికేమీ కాదు. 1968 డిసెంబర్ 9న శాన్‌ఫ్రాన్సిస్కోలో డగ్లస్ ఎంగెల్‌బర్ట్ మౌస్‌ను ప్రదర్శించిన సభలోనే, ఒకే సమాచారాన్ని కావలసినంత మేరకు విప్పి, మిగతాది దాచి, రకరకాలుగా చూపించారు. అంతకంటే గట్టి సాక్ష్యం 1979లో వచ్చిన విజిక్యాల్క్. డాన్ బ్రిక్లిన్, బాబ్ ఫ్రాంక్‌స్టన్ తయారుచేసిన ఆ లెక్కల షీటు మొదట యాపిల్-2 కంప్యూటర్‌పై నడిచింది. ఆ తెర మీద పట్టేవి అడ్డంగా 40 అక్షరాలు, నిలువునా 24 వరుసలు. షీటు మొత్తం కలిపినా 254 వరుసలే. అంత ఇరుకు తెరను కూడా అడ్డంగానో నిలువుగానో రెండుగా చేసి, ఒకే షీటులోని రెండు భాగాలను పక్కపక్కన చూసే ఆదేశాన్ని వాళ్లు పెట్టారు. రెండు సగాలూ కలిసి జరగాలా, దేనికదే జరగాలా అన్నది కూడా వాడేవాళ్లే ఎంచుకోవచ్చు. ఇవాళ ఎక్సెల్ షీటులో 10,48,576 వరుసలు ఉన్నాయి. అవసరం ఎన్నో రెట్లు పెరిగింది. ఎక్సెల్‌లోనూ వర్డ్‌లోనూ వ్యూ మెనూలో ‘న్యూ విండో’, ‘స్ప్లిట్’ ఇప్పటికీ ఉన్నాయి. ఉచితంగా దొరికే లిబ్రెఆఫీస్‌లోనూ కొత్త కిటికీ తెరవవచ్చు. ఫోన్ యాప్‌లు, బ్రౌజర్లో నడిచే ఫారాల దగ్గరికి వచ్చేసరికే ఈ సౌకర్యం చాలాచోట్ల మాయమైంది.

చేయడం కష్టమనే మాట నిలవదు. ఆ 1979లోనే అమెరికాలోని జెరాక్స్ పార్క్ పరిశోధన కేంద్రంలో పనిచేస్తున్న నార్వే శాస్త్రవేత్త ట్రిగ్వే రీన్స్‌కౌగ్, ప్రోగ్రాంలో సమాచారాన్ని ఒకచోట, దాన్ని చూపించే భాగాన్ని మరోచోట విడివిడిగా ఉంచే పద్ధతిని రూపొందించాడు. సమాచారం ఒక్కటే, దాన్ని ఎన్ని చూపుల్లోనైనా చూపవచ్చు, ఒకచోట మారిస్తే మిగతా అన్నిచోట్లా మారుతుంది. ప్రోగ్రాంలు రాసేవాళ్లు ఎం.వి.సి. పేరుతో నేర్చుకునే పాఠం ఇదే. తాము రాసే ఎడిటర్లలో ఒకే ఫైలును పక్కపక్కన రెండుసార్లు తెరుచుకోవడం వాళ్లకు నిత్యకృత్యం. ఆ వెసులుబాటు గుమాస్తాకు, అకౌంటెంటుకు, విలేకరికి కూడా దక్కాలి.

లేకపోతే జరిగే నష్టం చిన్నది కాదు. మనిషి ఒకేసారి ఏడు అంశాల వరకు, అటూ ఇటూగా, మనసులో పట్టి ఉంచుకోగలడని 1956లో మనస్తత్వ శాస్త్రవేత్త జార్జ్ మిల్లర్ రాశాడు. 2001లో మరో మనస్తత్వ శాస్త్రవేత్త నెల్సన్ కోవన్ ఆ సంఖ్యను నాలుగు దగ్గరికి దించాడు. పైనున్న అంకెను గుర్తుపెట్టుకుని కిందికి జరిపి, మళ్లీ అనుమానమొచ్చి పైకి వచ్చే ప్రతిసారీ ఆ కొద్దిపాటి జాగాను తెర చేయాల్సిన పనికే ఖర్చు చేస్తున్నాం. దీన్ని తప్పించుకోవడానికి చాలామంది ఫైలుకు నకలు తీసి, అసలునూ నకలునూ పక్కపక్కన తెరుచుకుంటారు. అక్కడే అసలు ప్రమాదం. తొందరలో ఒక దిద్దుబాటు అసలులో, మరొకటి నకలులో పడుతుంది. ఏది సరైనదో తేల్చుకోలేని రెండు ఫైళ్లు మిగులుతాయి. ఒకే ఫైలుకు రెండు కిటికీలుంటే ఈ ప్రమాదం పుట్టదు, ఎక్కడ దిద్దినా ఫైలు ఒక్కటే కాబట్టి.

వెతకడానికి ‘ఫైండ్’ ఉండగా ఇదెందుకని అడుగుతారు. ఫైండ్ ఒక చోటికి తీసుకెళ్తుంది, బయల్దేరిన చోటును కళ్ల ముందు నుంచి తీసేస్తుంది. పైగా తెలుగులో అది మరీ చాలదు. ‘ఇల్లు’ అని వెతికితే ‘ఇంటికి’, ‘ఇళ్లలో’ దొరకవు. శీర్షికలను కదలకుండా నిలిపే ‘ఫ్రీజ్ పేన్స్’ మంచిదే గానీ అది పై వరుసలకో ఎడమ పక్క గళ్లకో పరిమితం. షీటు మధ్యలోని రెండు చోట్లను కలపలేదు. రెండో మానిటర్ కొనుక్కోమనేవాళ్లు మరచిపోతున్నదేమంటే, సాఫ్ట్‌వేర్ ఒకే కిటికీ ఇస్తే రెండో తెర మీద ఆ ఫైలు కనిపించదు. ఫోన్ తెర చిన్నదన్న అభ్యంతరంలో కొంత నిజముంది. కానీ 2016లో వచ్చిన ఆండ్రాయిడ్ 7 నుంచే రెండు యాప్‌లను ఒకే తెర మీద చూడగలుగుతున్నాం. ఒకే యాప్‌ను రెండుసార్లు తెరవనివ్వడం యాప్ తయారీదారు చేతిలో పని. అన్నింటిలోకీ బరువైన అభ్యంతరం కొత్తవాళ్లు తికమక పడతారన్నది. నిజమే, ఏ కిటికీలో ఉన్నామో తెలియక కంగారు పడేవాళ్లుంటారు. అందుకు మార్గం కిటికీల పేర్ల చివర 1, 2 అని స్పష్టంగా చూపడం. ఎక్సెల్ ఆ పని ఎప్పటినుంచో చేస్తోంది. తికమక భయంతో సౌకర్యాన్నే తీసేస్తే, నేర్చుకోగలిగిన వాళ్ల చేతులు కూడా కట్టేసినట్టే.

ఎక్కువ శ్రద్ధ పెట్టాల్సింది ఆన్‌లైన్ ఫారాల మీద. నాలుగో పేజీ నింపుతున్న దరఖాస్తుదారుకు మొదటి పేజీలో ఏం రాశాడో కనిపించదు. వెనక్కి వెళ్తే నింపినదంతా పోతుందేమోనన్న భయం, రెండో ట్యాబ్‌లో తెరిస్తే సెషన్ ముగుస్తుందేమోనన్న భయం. ఇంతవరకు నింపిన వివరాలను పక్కనే చదవడానికి మాత్రం వీలుగా చూపిస్తే చాలు, రెండు చోట్ల దిద్దే చిక్కే రాదు. ప్రజాధనంతో తయారయ్యే ప్రతి పోర్టల్ టెండర్‌లో ఈ ఒక్క షరతు రాయాలి. ఊరూరా ఎంఎస్ ఆఫీస్ నేర్పే శిక్షణ కేంద్రాలు కూడా అక్షరాల రంగులు, సైజులతోపాటు వ్యూ మెనూకు ఒక పూట కేటాయించాలి. అక్కడున్న సౌకర్యానికి ఇప్పటికే డబ్బు కట్టేసిన ఆఫీసులు మన దగ్గర చాలా ఉన్నాయి.