సంఘములో చేరవద్దను హితబోధ

కుమారునకు క్రొత్తగా ఉద్యోగము దొరకినంతనే మన యిండ్లలో పెద్దలు చెప్పు మొదటి హితవు, "నాయనా, నీ పని నీవు చూచుకొనుము, సంఘముల జోలికి పోకుము" అనునది. కుమార్తె యైనచో ఈ హితవు రెండింతలగును. స్త్రీవిద్యను, కులాంతర వివాహములను సమర్థించు గృహములలో సైతము ఈ మాట నిస్సంకోచముగా వినబడుచున్నది. ఇది వివేకము గాదు. పిరికితనమునకు పెట్టుకొన్న ముద్దుపేరు.

సంఘముగా కూడు హక్కు మనకు ఊరక లభింపలేదు. 1918 ఏప్రిల్ 27వ తేదీన మద్రాసులో బకింగ్‌హాం, కర్ణాటక్ మిల్లుల పనివాండ్రకై మద్రాసు లేబర్ యూనియను వెలసినది. సెల్వపతి చెట్టియారు, రామానుజులు నాయుడు దానికి పూనుకొనిరి, బి.పి. వాడియా అధ్యక్షుడయ్యెను. 1920 నాటి తగవులో యజమానులు హైకోర్టు కెక్కి వాడియా ప్రభృతులపై నిషేధాజ్ఞను తెచ్చిరి. పనివాండ్రకు తోడు నిలుచుటయే నాడు నేరమైనది! ఎన్.ఎం. జోషి 1921లో కేంద్ర శాసనసభలో ఈ విషయమును లేవనెత్తగా, సంఘములను గుర్తించు చట్టము 1926లో గాని రాలేదు.

ఆ 1926లోనే అఖిల భారత ట్రేడ్ యూనియన్ కాంగ్రెసునకు అధ్యక్షుడైన వి.వి. గిరి బరంపురమున పుట్టిన తెలుగువాడు. రైలు కార్మికుల సంఘములో పనిచేసిన యీయన 1969లో రాష్ట్రపతి యయ్యెను. సంఘములో చేరినవాడు చెడునని చెప్పు పెద్దలు ఈ కథ నేలనో చెప్పరు. సంఘములలో చేరి ఉద్యోగములు పోగొట్టుకొన్నవారును, జైళ్లకేగినవారును అనేకులు గలరు, కాదనను. వారి కష్టఫలమును అనుభవించుచు వారి త్రోవను నిందించుటయే నాకు రోత.

"మావాడొక్కడు చేరకున్న నేమి కొరత?" అందురు. కొరత లెక్కకు వచ్చును. 2025 నవంబరు 21న అమలులోనికి వచ్చిన పారిశ్రామిక సంబంధముల కోడు ప్రకారము, ఒకటికంటె నెక్కువ సంఘములున్న చోట, హాజరుపట్టీలోని కార్మికులలో నూటికి 51 మంది బలముగల సంఘమే యజమానితో ఏకైక ప్రతినిధిగా సంప్రదింపులు జరుపగలదు. ఈ లెక్క చేరినవారిపై గాదు, పట్టీలోని వారందరిపై కట్టబడును. కావున దూరముగా నిలిచినవాడు తటస్థుడు గాడు. తెలిసియో తెలియకయో యజమాని పక్షమున తూగుచున్నాడు.

మరియొక ఆక్షేపణ గలదు. సంఘములు ముదుసలుల పాలైనవనియు, రాజకీయ పక్షముల కలహములకు రంగములైనవనియు అందురు. ఇది కొంత నిజమే. ఉపాధ్యాయ సంఘములలో సైతము ఈ జాడ్యము లేకపోలేదు. అయినను దీనికి మందేది? సాధారణ పరిశ్రమలలో సంఘపు కార్యవర్గమున బయటివారు మూడవవంతుకు గాని అయిదుగురికి గాని, ఏది తక్కువయైన దానికి, మించరాదని చట్టము చెప్పుచున్నది. కడమ స్థానములు పనివాండ్రవి. యువకులు వానిని విడిచిపెట్టి, ముసలివారు కూర్చున్నారని గొణుగుట న్యాయమా? లోపలికి పోయి జమాఖర్చులు చూపుమని అడుగవలయును, ఎన్నికలలో నిలువవలయును.

సంఘములో చేరినందుకు కార్మికుని తొలగించుట అక్రమ చర్యగా చట్టము పేర్కొన్నది. చట్టమున్నంత మాత్రమున రక్షణ దొరకదందురా? నిజమే, దానిని న్యాయస్థానము వరకు మోయుటకు ఒంటరివాని చాలునా?

మొదటి జీతము వచ్చిననాడు దేవుని హుండీకి కొంత తీసిపెట్టు ఆచారము మన యిండ్ల గలదు. చదువరులారా, ఆ దినముననే సంఘపు చందా యెంతయో మీ పిల్లల నడుగుడు.