చిత్రశాల బ్రతికియున్నవారికి గాదా?

ఇటీవల మన ప్రాంతపు పట్టణమొకదానియందు నేటి చిత్రకారుల ప్రదర్శనము జరుగుచున్నదని విని, సోమవారము కోర్టు ముగిసిన వెంటనే చిత్రశాలకు బోయితిని. పట్టణము పేరు చెప్పను. చెప్పినచో తక్కిన పట్టణములవారు తమది కాదుగదా యని నిశ్చింతగా నుందురు. తలుపునకు తాళము వేసియున్నది. శుక్రవారమునాడు దీపము వెలిగించిరట. ఆదివారము సాయంకాలమునకు మేకులు పెరికిరట. వరండాలో నొక యువకుడు తన పటములను పాత దుప్పట్లలో చుట్టుకొనుచుండెను. మూడు దినముల హాలు అద్దె తానే చెల్లించెనట. ప్రారంభోత్సవపు ఫొటో పత్రికలో పడినమాట నిజమే. అందు శాలువలు కనిపించును, పూలదండలు కనిపించును, పెద్దలు కనిపింతురు. చిత్రములు మాత్రము పెద్దల వీపుల వెనుక బడి కానరావు.

దుప్పటి విప్పించి చూచితిని. గుంటమగ్గము ముందు కూర్చున్న నేతగాడు, మిట్టమధ్యాహ్నపు బస్సుస్టాండు, వరదనీరు దిగిపోయిన వీధి. ప్రతి పటము క్రిందను ఇంగ్లీషు చీటీ. అందు పేరుండవలసిన చోట ‘అన్‌టైటిల్డ్’ అని యున్నది. తెలుగువీధిని తెలుగువాడు చిత్రించి, తెలుగువారికి జూపుచు, పేరు లేదన్న సంగతినైనను తెలుగున జెప్పలేకపోవుట యేమి దౌర్భాగ్యము! అడిగితిని. చిత్రశాలవారు ఆనవాయితీ యనిరట.

వకీలును గనుక చట్టముమాట యెత్తక తప్పదు. 1972 నాటి పురావస్తు, కళానిధుల చట్టమున నొక షరతు గలదు: చిత్రకారుడు జీవించియున్నంతవరకు వాని కృతిని కళానిధియని ప్రకటింపరాదు. నాకు తోచినంతలో ఇది న్యాయమైన షరతే. కళానిధియని ప్రకటించినదానిని ప్రజలెవ్వరును దేశము దాటింపరాదు. బ్రతికి బొమ్మలమ్ముకొనువాని చేతు లట్లు కట్టివేయుట ధర్మము గాదు. ఈ చట్టముక్రింద కళానిధులుగా ప్రకటింపబడిన కృతులు తొమ్మండుగురు చిత్రకారులవి. రవివర్మ, అవనీంద్రుడు, నందలాల్ బోసు, జామినీ రాయ్, అమృతా షేర్‌గిల్ మున్నగువారు వారిలోనివారు. తెలుగువా డొక్కడును లేడు. అది వేరొక వ్యాజ్యము. నా యభియోగ మిది: ఎగుమతినిగూర్చి వ్రాసిన షరతును మన చిత్రశాలల నేలువారు ధర్మశాస్త్రముగ జేసికొన్నారు. చిత్రకారుడు చచ్చినగాని వానికి గోడమీద స్థిరమైన చోటులేదు.

రాజమహేంద్రవరమున దామెర్ల రామారావు పేర చిత్రశాల యున్నది. తెలుగువారము గర్వముతో చెప్పుకొను చిత్రశాల. ఆ రామారావు 1897లో జన్మించి, ముప్పదియేండ్లైనను నిండక, 1925లో మశూచికమువాత బడెను. కాలేజీ ప్రిన్సిపాలైన కూల్డ్రే దొర యాతని ప్రతిభను పిన్ననాడే కనిపెట్టెను. బొంబాయిలో విద్య ముగించుకొని వచ్చి, రామారావు స్వస్థలముననే చిత్రకళాశాల నెలకొల్పెను. మిత్రులను, శిష్యులను, ఇంటివారినిగూడ కుంచె పట్టించెను. ఆతడు గతించినపిమ్మట వరదా వెంకటరత్నముగారు మొదలగువా రా పటములను కంటికి రెప్పవలె కాపాడిరి. నే డా పటములముందు నిలిచి చేతులు జోడించువా రొక్కమాట తలపోయవలెను. రామారావు నాటికి ఆతడు నేటి చిత్రకారుడే. మీసములు సరిగా రాని కుఱ్ఱవాడు, బ్రతికియున్నవాడు, పేరులేనివాడు. పోయినవెనుక జూతములెమ్మని అందఱును ఊరకున్నచో, ఇప్పుడా గోడలకు దగిలించుట కేమి మిగిలియుండెడిది?

జనులకు నేటి చిత్రము లర్థముగావని కొందఱు పెద్దమనుష్యులు సెలవిచ్చుచున్నారు. తెల్లవార్లు తోలుబొమ్మలాట జూచిన జనులకు, కాళహస్తి కలంకారీ గుడ్డమీద గడిగడికి గల కథ నెవరును జెప్పకుండ జదువుకొన్న జనులకు బొమ్మ యర్థముగాదా! మూడు దినములకు మూసివేసిన తలుపు వా రర్థము చేసికొనలేరు, అది నిజము. సొమ్ము లేదందురా? గోడ యున్నది, దీపమున్నది, జీతమునకు కావలివాడున్నాడు. ప్రారంభోత్సవపు శాలువల ఖర్చులో ఒక పటమునైన కొనవచ్చును.

ఇంకొక చట్టము జెప్పెదను, నవ్వవలదు. 1994లో కాపీరైటు చట్టమును సవరించి, చిత్రకారునకు క్రొత్త హక్కొకటి కల్పించిరి. అతని మూలచిత్రము పదివేల రూపాయలకు మించి మరల విక్రయింపబడినప్పుడు, ఆ ధరలో అతనికిని భాగము రావలెను. అది నూటికి 10 వంతులకు మించరాదు. గొప్ప హక్కే. కాని మొదటి విక్రయమే యెఱుగనివానికి మరువిక్రయములో పదవవంతు! పుట్టని బిడ్డకు పసుపుకుంకుమల క్రింద పొలము వ్రాసినట్లున్నది.

విద్యకొరకు దూరము పోవుటను నేను తప్పుపట్టను. రామారావు, పి.టి. రెడ్డి బొంబాయికి బోయిరి. లక్ష్మాగౌడు, వైకుంఠము బరోడాకు బోయిరి. దానివలన మనకు లాభమే కలిగినది. తిరిగివచ్చినవానికి సొంత యూర నొక గోడయైన లేకపోవుటయే తప్పు. హైదరాబాదున మాదాపూరు చిత్రశాల యుండవచ్చును. సిద్దిపేటను విడువక అక్కడనే బ్రతికి, అక్కడనే చిత్రించిన కాపు రాజయ్యగారి వంటి గట్టివారు తరమున కెందఱు? తక్కినవారు పట్నమునకు బోవుదురు, లేదా కుంచె వదలి పెండ్లిఫొటోలకు రంగులద్దుదురు. రెండవ రకమువారిని నాకు తెలిసినవారినే నలుగురిని లెక్కింపగలను.

కావున పురపాలక సంఘములవారిని, చిత్రశాలల కార్యదర్శులను అడుగుచున్నాను: చిత్రకారుని యొద్ద అద్దె పుచ్చుకొనుట మానుడు. ప్రదర్శనమును నెల దినములైన నుంచుడు. కూలివాడు, గుమాస్తా వచ్చుటకు వీలుగా రాత్రి ఎనిమిది గంటలవరకు తలుపు దెఱచియుంచుడు. చీటీలు తెలుగున వ్రాయుడు. ఏట నొక పటమును ప్రజలపక్షమున కొనుడు. అది మంచిదా చెడ్డదా యని ఊరివారు తగవులాడుకొన్నచో మఱియు మంచిది.

ఆ యువకుని యొద్దనుండి నాలుగు పటములు తెచ్చి మా పఠనమందిరమున దినపత్రికల బల్లకెదురుగా తగిలించితిమి. తెలుగు చీటీలు గ్రంథాలయపు పిల్లలే వ్రాసిరి. రోజు పత్రికకు వచ్చు నేతపనివా రొకరు మగ్గపు పటమును రెండు దినములు చూచి, పలక త్రాడు తప్పు వైపున గట్టినాడే యనిరి. వార్త పంపగా యువకుడు బస్సెక్కి వచ్చి, ఆ పెద్దాయనయొద్ద గంటసేపు కూర్చుండెను. పటము లింకను అక్కడనే యున్నవి. సాయంకాలము ఎనిమిదివరకు ఎవరైనను రావచ్చును.